అనుమతి లేనిదే

ఆ అక్షరాలు రాసింది నేనే. వెనక తలుపు మీద, ఎర్ర రంగుతో, నా చేత్తో. "అనుమతి లేనిదే ఈ తలుపు తీయరాదు." మేనేజరు చెప్పింది "అడక్కుండా తియ్యొద్దు అని రాయవయ్యా" అని మాత్రమే. ఆ "లేనిదే" నా సొంత తెలివి. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, ముప్పై ఏళ్లుగా చర్చిలో వాక్యం వింటున్నవాణ్ణి కదా, పెద్ద మాటలంటే నాకు కొంచెం మోజు. మా అన్న కూతురు దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏంటి బాబాయ్, తలుపు మీద వాక్యం రాశావ్? కింద అధ్యాయం, వచనం కూడా వేసెయ్!"

దాన్ని మేమంతా వసపిట్ట అనేవాళ్లం. మాటలు వచ్చిన రోజునుంచి నోరు మూసింది లేదు. బట్టల కార్ఖానాలో కాజాలు కుట్టే మిషను దాని పని. మిషను కంటే అదే ఎక్కువ చప్పుడు చేసేది. మా అన్న పోయాక ఆ ఇంట్లో మాటలన్నీ దానివే. వదిన వినేది, నేను విసుక్కునేవాణ్ణి. నాకు పెళ్లాం పిల్లలు లేరు, రెండు పూటలా భోజనం వదిన దగ్గరే. "పిల్ల ఖాళీగా ఉంటోంది, మీ దగ్గర పనేమైనా చూడవయ్యా" అని వదిన అంటే, మేనేజరు కాళ్లావేళ్లా పడి దానికి ఆ పని ఇప్పించింది కూడా నేనే.

నా పని వెనక తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చోవడం. ఇనప రేకు తలుపు. బయటినుంచి గడియ, గడియకు తాళం, తాళంచెవి నా నడుముకు. కుట్టిన చొక్కాలు ఆ దారిన మాయమవుతున్నాయని మేనేజరుకు అనుమానం. మాయమయ్యేవి ముందు గుమ్మంలోంచే అని పనివాళ్లందరికీ తెలుసు. ఆయనకు చెప్పే మొనగాడు ఎవడు?

అసలు సంగతికి మూడు వారాల ముందు ఒక మిషను మోటారు కాలి వాసన వచ్చింది. లోపల్నుంచి తలుపు బాదారు. నేను వెనకా ముందూ ఆలోచించకుండా తీసేశాను. ఆడవాళ్లంతా పెరట్లోకి వచ్చి అరగంట కబుర్లు చెప్పుకుని మళ్లీ లోపలికి పోయారు. మేనేజరు నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. "తాళంచెవి నీకిచ్చింది వెయ్యడానికయ్యా, తియ్యడానికి కాదు" అన్నాడు. ఇకమీదట అనుమతి లేకుండా తీయనని కాగితం రాయించి సంతకం పెట్టించుకున్నాడు. యాభై రెండేళ్లవాణ్ణి, కూతుళ్ల వయసు పిల్లల ముందు తల దించుకుని సంతకం పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక ఆ రోజు. పదకొండు గంటలకు టీ గంట కొట్టారు. చాలామంది ముందు గుమ్మంలోంచి రోడ్డు అవతలి టీ కొట్టుకు వెళ్లారు. సరుకు సాయంత్రానికల్లా పంపాలి కాబట్టి వెనక హాల్లో ఎనిమిది మంది ఆగిపోయారు. వాళ్లు ముందు గుమ్మానికి వెళ్లే దారిలోని మధ్య గదిలో, గుడ్డ బేళ్లు పేర్చిన చోట, ఏ తీగ రాజుకుందో రాజుకుంది. నాకు అదేమీ తెలియదు. తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"బాబాయ్, పొగ వస్తోంది. తలుపు తియ్యి."

గొంతులో కంగారు లేదు. నన్ను ముంచింది అదే. రోజూ మంచినీళ్లు అడిగినట్టే అడిగింది. నా చెయ్యి నడుము మీదికి పోయింది, తాళంచెవి వేళ్లకు తగిలింది. అప్పుడు ఆ కాగితం గుర్తొచ్చింది.

"ఉండవే, అడిగొస్తా" అన్నాను.

అడిగొస్తా! మనిషి నోట ఇంతకంటే వెధవ మాట ఎప్పుడైనా వచ్చి ఉంటుందా?

ఆఫీసు గది భవనం చుట్టూ తిరిగి వెళ్తే అవతలి వైపు. పరుగెత్తలేదు, గబగబా నడిచాను, అంతే. మేనేజరు ఫోన్లో ఉన్నాడు. నన్ను చూసి ఒక వేలు పైకెత్తాడు, ఆగమని. ఆగాను. గోడ మీద క్యాలెండరులో ఆ నెలకు ఎన్ని ఆదివారాలో చూస్తూ నిలబడ్డాను. ఐదు. ఆయన ఫోను పెట్టి "ఏంటి?" అన్నాడు.

"లోపల పొగంట సార్. తలుపు తియ్యమంటున్నారు."

"ఎంత పొగ?"

ఎంత పొగ! గ్లాసుతో కొలిచి తెచ్చానా నేను? "తెలీదు సార్" అన్నాను.

"చూసొచ్చి చెప్పు. ప్రతిదానికీ తలుపంటే ఎలాగయ్యా?"

సరే సార్ అని బయల్దేరాను. మూల తిరిగేసరికి కిటికీ చువ్వల్లోంచి నల్లటి పొగ తన్నుకొస్తోంది. అప్పుడు పరుగెత్తాను. లోపల్నుంచి కేకలు. తాళం చేత్తో పట్టుకుంటే చర్రున కాలింది. చెవి దూరక మూడుసార్లు తప్పింది. తాళం ఊడేసరికి కేకలు ఆగిపోయాయి. గడియ లాగి తోశాను. అది లోపలికి తెరుచుకునే తలుపు. వాళ్లంతా దానికి ఆనుకునే పడి ఉన్నారు. జానెడు సందులోంచి చెయ్యి పెట్టి తడిమితే ఒక చెయ్యి దొరికింది. దొరికిన చెయ్యిని లాగాను. ఎవరిదో చూడలేదు. ఇస్త్రీ చేసే ఆవిడది. ఎనిమిది మందిలో ఆమె ఒక్కతే బతికింది.

నేను వీరుణ్ణయిపోయాను. చెయ్యి బొబ్బలెక్కింది, కట్టు కట్టారు. విచారణకు వచ్చిన అధికారితో మేనేజరు "మా మనిషి వెంటనే తీశాడండీ, కావాలంటే చెయ్యి చూడండి" అన్నాడు. అధికారి చూశాడు. "వెంటనే తీశావా?" అని అడిగాడు. "తీశానండీ" అన్నాను. మేనేజరు నా పక్కనే నిలబడి ఉన్నాడు, ఆయన మొహం చూసి అన్నానా, నా మొహం దాచుకోవడానికి అన్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను. రాసుకున్నాడు, సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. నా కుడి చెయ్యి సంతకాలు పెట్టడానికే పుట్టినట్టుంది. కాలింది ఎడమ చెయ్యి.

ఆ తర్వాత వీధిలో ఎవరు ఎదురైనా ముందు కట్టు వంక చూసి, తర్వాత నా వంక చూసేవాళ్లు. ఇస్త్రీ ఆవిడ ఆసుపత్రి మంచం మీదనుంచే నా కాళ్లకు దండం పెట్టబోయింది. స్పృహ తప్పే ముందు ఏం జరిగిందో ఆమెకు ఏమీ గుర్తులేదు. చర్చిలోనైతే చెప్పక్కర్లేదు, "ఆ చేతిని దేవుడు వాడుకున్నాడు" అన్నారు. సొంత అన్న కూతురు పోయినా ఎంత నిబ్బరంగా ఉన్నాడో అన్నారు. నిబ్బరమా పాడా, నోరు తెరిస్తే ఏం బయటపడుతుందోనని పళ్లు బిగించుకుని తిరిగాను.

వదిన దగ్గరికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "దేవుడు అనుమతించాడమ్మా. ఆయన అనుమతి లేనిదే ఏదీ జరగదు." ఆ "అనుమతి లేనిదే" వినపడ్డప్పుడల్లా నాకు ఎర్ర రంగు కనపడేది. వదిన వాళ్లకు కుర్చీ వేసేది, మంచినీళ్లు ఇచ్చేది, సాగనంపేది. నెల తర్వాత ఒక సాయంత్రం నా కంచంలో అన్నం పెడుతూ ఉన్నట్టుండి అంది.

"నేను ప్రార్థన మానేశానయ్యా."

"అదేంటి వదినా?"

"నాకూ ఆయనకీ మాటల్లేవు. ఆయన తలుచుకుంటే ఆ తలుపు ఊడి కింద పడేది. తలుచుకోలేదు. నువ్వు చూస్తే చెయ్యి కాల్చుకుని పరుగెత్తావ్. మనిషివి నువ్వు చేసింది కూడా దేవుడై ఉండి చెయ్యలేదు. ఆయన దగ్గరికెళ్లాక ఒక్కటే అడుగుతా. అది పిలిస్తే నీకు వినపడలేదా అని. అప్పటిదాకా మాట్లాడేది లేదు."

అన్నం గొంతులో అడ్డం పడింది. వదిన నీళ్ల గ్లాసు అందించి వీపు నిమిరింది.

నాకు ఆ రోజు అర్థమైంది నేను చేసిన పనేమిటో. నా నేరం తీసుకెళ్లి దేవుడి నెత్తిన రుద్దాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టి, నాకు రావలసిన తిట్లన్నీ ఆయన్ని తిడుతోంది. చెప్పెయ్యాలనుకుని నోరు తెరిచాను, మజ్జిగ పొయ్యమన్నాను. ఇంకొకరి నేరం మొయ్యడం ఆయనకు కొత్తేమీ కాదుగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆయన పనే అది కదా అనుకున్నాను. ఇంత సిగ్గులేని ఆలోచన విశ్వాసికి తప్ప ఇంకెవరికీ రాదు.

ఇంకో వారం పోయాక పాస్టరు కబురు పెట్టాడు. వచ్చే ఆదివారం నేను సాక్ష్యం చెప్పాలట. మా చర్చిలో ఆరాధన మధ్యలో ఎవరో ఒకరు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. జ్వరం తగ్గిందనో, పోయిన వస్తువు దొరికిందనో. ముందు వరసలో కూర్చునే ముసలాయన ఒకడున్నాడు, స్తోత్రం తాత. రెండు చెవులూ వినపడవు. చెప్పేవాడి పెదాలు ఆగిన చోటల్లా "స్తోత్రం!" అని గట్టిగా అంటాడు. ఒకసారి ఎవరో లేచి గుమ్మం దగ్గర చెప్పులు పోయాయని చెబితే దానికీ స్తోత్రం అన్నాడు. వసపిట్ట వారం రోజులు ఆ గొంతు పెట్టి మమ్మల్ని చంపుకు తింది. కూర మాడిపోయినా స్తోత్రమే.

పాస్టరు కుర్రవాడు, మంచివాడు. నేను వెళ్లేసరికి కాలు విరిగిన బెంచీని తలకిందులు చేసి మేకులు కొడుతున్నాడు. పక్కన కూర్చుని మేకులు అందిస్తూ అడిగాను.

"అయ్యగారూ, దేవుడు ఎందుకు అనుమతించాడు?"

ఆయన సుత్తి ఆపలేదు. "మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడన్నా. చెడు చేసే స్వేచ్ఛ కూడా అందులోనే వస్తుంది. ప్రతిసారీ ఆయన చెయ్యి అడ్డం పెడితే మనం కీలుబొమ్మలం అయిపోతాం."

"బయట ఉన్నవాడికి స్వేచ్ఛ, బానే ఉంది. మరి లోపల ఉన్న పిల్లల మాటేంటి? వాళ్లకి తలుపు తీసుకునే స్వేచ్ఛ లేదుగా?"

"ఈ శ్రమల్లోంచి ఆయన ఏదో ఒక మేలు..."

"ఏడుగురిని కాల్చి వండే మేలు ఎవరికి కావాలయ్యగారూ? మీకు కావాలా? నాకొద్దు."

నా గొంతు లేచింది. ఆయన సుత్తి కింద పెట్టాడు. చేతికంటిన దుమ్ము ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నిజం చెప్పాలంటే నాకూ తెలీదన్నా. ఏడు సమాధుల దగ్గర ప్రార్థన చేశాను. ఏడోదాని దగ్గర నోరు పెగల్లేదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆయన సొంత కొడుకు కూడా సిలువ మీద కేకపెట్టాడు, నన్నెందుకు వదిలేశావని. ఆయన రాలేదు."

"రాలేదా? రాలేకపోయాడా?"

"రాలేదు."

"తాళంచెవి ఉండి కూడా?"

"ఉండి కూడా." మేకు ఒకటి తీసుకుని అన్నాడు, "కానీ మూడో రోజు సమాధి రాయి దొర్లించాడు కదన్నా."

"మాకు ఇది నలభయ్యో రోజు" అన్నాను.

ఆయన తల వంచుకుని మళ్లీ సుత్తి అందుకున్నాడు. ఆయన మీద జాలేసింది. ఇంటికి నడుస్తూ ఆ మాటే తిప్పితిప్పి ఆలోచించాను. నేను అడగడానికి మేనేజరు దగ్గరికి వెళ్లాను. దేవుడు ఎవర్ని అడగడానికి వెళ్లాడు? ఆయనకు వేలెత్తి ఆగమన్నవాడు ఎవడు? నేనంటే పిరికివాణ్ణి. కొడుకు పిలుస్తుంటే ఆగినవాడు ఏ కారణంతో ఆగాడో గాని, ఆ ఆగడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం చుట్టాలం. అంతకు మించి నాకేమీ దొరకలేదు. ఓదార్పు అసలు దొరకలేదు.

ఒక్కటి మాత్రం తేలింది. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు, నా వాటా మాత్రం ఆయన మీదనుంచి దించాలి. ఇంట్లో చెబితే నాలుక మళ్లీ మజ్జిగ అడుగుతుందని తెలుసు. సాక్ష్యంలో అబద్ధం చెప్పలేను. అక్కడే చెబుదామనుకున్నాను.

ఆదివారం వదిన కూడా వచ్చింది. దేవుడితో మాటల్లేకపోయినా, నా సాక్ష్యం వినడానికి వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని గోడవారన కూర్చుంది. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది, అలవాటు కొద్దీ. పాస్టరు నా పేరు పిలిచాడు. లేచి ముందుకు వెళ్లాను.

"ఆ రోజు పదకొండు గంటలకి మా పిల్ల తలుపు కొట్టింది" అన్నాను.

"స్తోత్రం!" అన్నాడు తాత.

"పొగ వస్తోంది, తియ్యమంది."

"స్తోత్రం!"

"తాళంచెవి నా నడుముకే ఉంది. నేను తియ్యలేదు."

"స్తోత్రం!"

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాస్టరు సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. నేను ఆగలేదు, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను. మేనేజరు దగ్గరికి అనుమతి కోసం వెళ్లానన్నాను. వేలెత్తితే నిలబడ్డానన్నాను. క్యాలెండరులో ఆదివారాలు చూశానన్నాను. తిరిగొచ్చి తీశాననీ, వెంటనే తీశానని సంతకం పెట్టింది అబద్ధమనీ చెప్పాను. ప్రతి మాటకూ ముసలాయన దేవుణ్ణి స్తుతిస్తూనే ఉన్నాడు. పాపం ఆయనకేం తెలుసు? చివరికి పక్కనున్న ఆవిడ ఆయన మోకాలు పట్టుకుని ఆపింది.

"దేవుడు అనుమతించాడు, దేవుడు అనుమతించాడు అంటున్నారు మీరంతా" అన్నాను. "ఆయన సంగతి నాకు తెలీదు. తలుపు దగ్గర ఉన్నది నేను. ఆగింది నేను."

వదిన లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. దేవుడి సాక్షిగా, తిట్టాలని కోరుకున్నాను. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది. నెమ్మదిగా అడిగింది, ఇంట్లో ఏదో వస్తువు ఎక్కడ పెట్టావని అడిగినట్టు.

"నువ్వు తిరిగొచ్చేసరికి దానికి ప్రాణం ఉందా?"

"ఉంది."

"పిలిచిందా?"

"పిలిచింది వదినా. తాళం తీసేదాకా పిలిచింది."

"దేవుణ్ణి పిలిచిందా?"

అవునంటే సరిపోయేది. ఏ తల్లయినా వినాలనుకునే మాట అదే కదా. ఆఖరి ఊపిరిలో ప్రభువు పేరు తలచుకుందని చెబితే, ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆమె మిగతా రోజులు ఈడ్చేది. చర్చిలో జనమంతా అదే మాట కోసం నా నోటి వంక చూస్తున్నారు. కానీ నేను నిలబడింది సాక్ష్యానికి.

"లేదు. నన్నే పిలిచింది" అన్నాను. "బాబాయ్, బాబాయ్ అనే అంది. ఇంకేం అనలేదు."

వదిన కూర్చోబోయి, కూర్చోకుండా బయటికి వెళ్లిపోయింది. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

మర్నాడు అధికారి దగ్గరికి కూడా వెళ్లాను. నేను ముందు చెప్పింది అబద్ధమని రాసుకోమన్నాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. ఫైలు మూసేశామన్నాడు. మళ్లీ తెరవాలంటే పైనుంచి అనుమతి రావాలన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ గదిలో గట్టిగా నవ్వితే ఇద్దరు బంట్రోతులు వచ్చి నన్ను బయటికి పంపారు. మేనేజరుకు కబురు అందినట్టుంది, పనిలోకి రావద్దన్నాడు. కార్ఖానాకు కొత్త తలుపు పెట్టించారు. దాని మీద ఏమీ రాసి లేదు, తాళం మాత్రం ఉంది.

ఇప్పటికీ ఆదివారాలు చర్చికి వెళ్తూనే ఉన్నాను, ఎందుకో అడక్కండి. వెనక బెంచీ మీద కూర్చుంటాను. దేవుడు వస్తాడో రాడో తెలియదు. వస్తే మాట్లాడుకోవడానికేమీ లేదు, ఇద్దరం ఒకే తలుపు బయట నిలబడ్డవాళ్లం, అంతే. దాని గొంతు నాకు వినపడింది, ఆయనకూ వినపడే ఉంటుంది.

వదినకు ఇప్పుడు మా ఇద్దరితోనూ మాటల్లేవు. సాయంత్రం భోజనాల వేళకు అలవాటు కొద్దీ ఆ ఇంటిదాకా వెళ్తాను. లోపల కంచం పెట్టుకునే చప్పుడు వినపడుతుంది. ఒక్క కంచం. తలుపు గడియ లోపల్నుంచి వేసి ఉంటుంది. కాసేపు గుమ్మం ముందు నిలబడి వచ్చేస్తాను. తట్టను. తలుపు తియ్యమని ఏ మొహం పెట్టుకుని అడగను?